మూడు పిలుపుల కోర్టు

పోయిన నెల ఎస్తేరు ఖమ్మంలో మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండి పోయింది. ఉన్న నాలుగు రోజులూ మా కోడలు ఆమె కొంగు పట్టుకునే తిరిగింది. పచ్చిపులుసు ఆమె చెప్పినట్టే చేసింది. ఆమె చెప్పిన ముచ్చట్లకు పడీపడీ నవ్వింది. ఏళ్ల తరబడి నేను చెబుతూ వస్తున్న సంగతే ఆమె నోట వినేసరికి, ఇప్పుడే తెలిసినట్టు "నిజమా పెద్దత్తమ్మా" అని కళ్లు పెద్దవి చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అరవై దాటిన మనిషికి, ముప్పై ఏళ్లు పిల్లలకు మంచీ చెడూ చెప్పి రిటైరైన టీచరమ్మకు ఇదేం బుద్ధి అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఎస్తేరును చూస్తే నాకు కుళ్లు. అది నా పదకొండో ఏట మొదలైంది, ఇప్పటిదాకా ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

ఎస్తేరు మా పెద్దమ్మ కూతురు. నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. పెద్దమ్మ పోయాక ఫారెస్టు గార్డు ఉద్యోగంలో దమ్మపేట అడవుల్లో ఒక బీటు నుంచి ఇంకో బీటుకు తిరిగే పెదనాన్న ఎదిగే ఆడపిల్లను ఆ గుడిసెల్లో ఒంటరిగా పెట్టలేక భద్రాచలం తెచ్చి మా ఇంట్లో దింపిపోయాడు. ఒక రేకు పెట్టె, ఒక చాప, ఒక సీసా నిండా అడవి తేనె. తేనె వారంలో అయిపోయింది. ఆమె మాత్రం ఉండిపోయింది. అప్పటిదాకా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లను.

మా నాన్న కోర్టు బంట్రోతు. తెల్లకోటు, భుజం మీంచి నడుము దాకా ఎర్ర డవాలి, దాని మీద అరచేయంత ఇత్తడి బిళ్ల. రోజూ పొద్దున చింతపండు పిప్పితో, పొయ్యి బూడిదతో ఆ బిళ్ల తోమడం నా పని. వసారాలో ఒక పక్క చింతపండు పులుపు వాసన, ఇంకో పక్క అమ్మ కోటుకు పెట్టే గంజి వాసన. జడ్జిగారికి తలుపు తీయడం, కాగితాలు అందించడం, ఇవన్నీ నాన్న చేసేవాడు గాని, ఆయన అసలు పని పిలవడం. కేసు రాగానే హాలు గుమ్మంలో నిలబడి పార్టీ పేరు మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకూ మనిషి రాకపోతే ఆ మనిషి లేనట్టే లెక్క, కేసు ఎక్స్‌పార్టీ అయిపోతుంది. ఆయన గొంతు అంత పెద్దది, అంత శుభ్రమైనది నేను మళ్లీ వినలేదు. మధ్యాహ్నం పూట గోదావరి గట్టు మీద బట్టలుతుకుతున్నవాళ్లు ఆ పిలుపు విని ఇవాళ ఫలానా వాళ్ల కేసు ఉందని చెప్పుకునేవారు.

అలాంటి ఇంట్లో కోర్టు మాటలు ఉప్పూ పప్పూ మధ్యే ఉండేవి. అవి కూడా రెండు రకాలు. నాయనమ్మది గోదావరికి ఖమ్మం వైపు ఒడ్డు, నైజాం పాలన చూసిన మనిషి. ఆమెకు కోర్టు అంటే అదాలత్, ప్లీడరు అంటే వకీలు, వాయిదా అంటే పేషీ, జామీను అంటే జమానతు. అమ్మది ఎర్రుపాలెం, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆమె నోట ప్లీడరు, వాయిదా, జామీను. అత్తా కోడళ్లు ఒకే కేసు గురించి మాట్లాడుకుంటుంటే రెండు వేరే ఊళ్ల సంగతి అనిపించేది. ఆదివారం బడిలో పాస్టరుగారు "న్యాయస్థానం" అని చదివితే, అదేదో మేఘాల మీద ఉండేదనుకున్నాను. మా ఇంటి వెనక ప్రహరీ అవతల, కేసుల్లో పట్టుకొచ్చిన టేకు దుంగలు వానకు నానుతూ పడి ఉండే పెంకుల బంగ్లాకూ ఆ మాటకూ సంబంధం ఉందని చాలా రోజులు తెలియదు.

అన్నం ఉడకడం ఆలస్యమైతే అమ్మ "వాయిదా పడింది, పది నిమిషాలు ఆగండి" అనేది. కొత్త లంగా అడిగితే "కొట్టేసిన" అనేవాడు నాన్న. నాన్న చెయ్యెత్తితే నాయనమ్మ అడ్డం వచ్చి "స్టే" అనేది, అదొక్క ఇంగ్లీషు మాట ఆమెకు బాగా వచ్చు. ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడితే "నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటవ్" అని కసురు. ఒకసారి నాన్ననే అడిగాను, బజారుకు పోతాం, దవాఖానాకు పోతాం, కోర్టుకు మాత్రం ఎక్కుతాం అంటారేమని. "ఎక్కుడే బిడ్డా, దిగుడు ఎవరి చేతిల లేదు" అన్నాడు. రోజూ చూసే మనిషి కాబట్టి నవ్వకుండానే అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా వసారాలో కోర్టు. వారమంతా ఎవరికి ఎవరి మీద ఫిర్యాదున్నా ఆ పూట దాకా నోరు మూసుకోవాలి. లోపల పొయ్యి మీద కూర కుతకుతలాడుతూ అల్లం వెల్లుల్లి వాసన వస్తుంటే, నాన్న ఇనుప కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వారానికి ఆరు రోజులు పొద్దటి నుంచి సాయంత్రం దాకా నిలబడే మనిషి ఆ ఒక్క పూట కూర్చునేవాడు. కేసు పిలవాల్సి వస్తే లేచి గుమ్మంలోకి వెళ్లి మూడుసార్లు మెల్లగా పిలిచి, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుని జడ్జి అయ్యేవాడు. అందరం చేతికందేంత దూరంలోనే ఉండేవాళ్లం కాబట్టి గట్టిగా పిలవాల్సిన పని లేదు. నాయనమ్మ మంచం మీద ఆకువక్క నములుతూ అన్ని కేసుల్లోనూ సాక్షి. చేపలు తిన్న పిల్లిని కూడా ఒక ఆదివారం మూడుసార్లు పిలిచి, రాలేదని ఎక్స్‌పార్టీ చేసి, పాలు బందు పెట్టాడు. సాయంత్రం నాయనమ్మ జమానతు మీద విడిపించింది.

ఎస్తేరు వచ్చిన రెండో నెలలోనే ఆ ఇంట్లో నా చోటు కదిలింది. ఎలాగంటే, నాన్న రోజూ సాయంత్రం మర్నాటి కేసుల పేర్లు ఒక చీటీ మీద రాసుకొచ్చి వసారాలో కూర్చుని పైకి అనుకునేవాడు. గూడేల నుంచి వచ్చే పార్టీల పేర్లు ఆయన నోట్లో తిన్నగా పలికేవి కావు. పేరు తేడాగా పిలిస్తే ఆ మనిషి అక్కడే చెట్టు కింద కూర్చుని ఉండి కూడా తనను కాదనుకుని లేవడు, కేసు పోతుంది. "నా నోరు తిరగక ఒకడు భూమి పోగొట్టుకుంటే ఆ పాపం ఎవరిది?" అని నాన్న బాధపడేవాడు. ఎస్తేరు అడవిలో పెరిగిన పిల్ల, కోయ మాట ఆమెకు నీళ్లు తాగినంత సులువు. ఒక సాయంత్రం చీటీ వంక చూసి, "గట్ల కాదు చిన్నాయనా, గిట్ల" అని ఒక పేరు పలికి చూపించింది. నాన్న రెండుసార్లు అన్నాడు, మూడోసారికి వచ్చేసింది. మర్నాడు కోర్టు నుంచి వస్తూనే, చెప్పులు విడవకుండానే, "ఎస్తేరూ, పిలిచిన ఎంబడే లేచిండే ముసలాయన" అన్నాడు. ఆయన మొహం అలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వాళ్లిద్దరూ, మధ్యలో చీటీ. నేను లోపల దీపం చిమ్నీ తుడుస్తూ వినేదాన్ని. ఒకరోజు నేనూ ఒక పేరు పలికి చూపించాను. నాన్న నవ్వి, "నీకెందుకే ఇయ్యన్నీ, పో, చదువుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం కేసు కొట్టేసినట్టే అనిపించింది. ఆదివారం కోర్టులో ఎస్తేరు మీద నేను వేయని ఫిర్యాదు లేదు. నా దువ్వెన తీసింది, నా చాప మీద పడుకుంది, బిళ్ల తోమితే సరిగ్గా తోమలేదంది. ఆమె బోనులో, అంటే గడప పక్కన, నిలబడి "అవ్ చిన్నాయనా" అని ఒప్పుకునేది. ఒప్పుకున్న ముద్దాయికి శిక్ష తగ్గుతుందని నాన్న ప్రతిసారీ వదిలేసేవాడు. నాకు ఇంకా మండేది.

పదో తరగతి ఇద్దరం పాసయ్యాం. ఆమెకు నాకంటే మార్కులు ఎక్కువ, అది వేరే చెప్పాలా. ఖమ్మంలో మా మిషను వాళ్ల ఆడపిల్లల హాస్టలు ఉండేది, అక్కడుండి కాలేజీ చదవొచ్చు, తర్వాత టీచరు ట్రైనింగు. మా సంఘం నుంచి ఆ ఏడు ఒక్క పేరే పంపాలని పాస్టరుగారు చెప్పారు. మా ఇంట్లో ఇద్దరున్నాం. అమ్మ కూతురి వైపు, నాయనమ్మ తల్లిలేని పిల్ల వైపు. నాన్న ఎవరి వైపూ మాట్లాడలేదు. "వచ్చే ఆదివారం పిలుస్త. ఇద్దరూ ఎవరి మాట వాళ్లు చెప్పుకోండి. విని రాస్త" అన్నాడు. నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు. నాన్న విన్నాడంటే ఆమె పేరే రాస్తాడని నాకు తెలుసు. ఖమ్మం కోసం కాదు నా ఏడుపు. నన్నూ ఆమెనూ ఎదురుగా నిలబెట్టి, మా నాన్న తన నోటితో ఆమె పేరు చెబుతాడే, దానికి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ చిక్కుడుకాయలు ఒలవడానికి ఒకరిని రమ్మంది, వాళ్లింటికి ఆ మధ్యాహ్నం ఎవరో పెద్దవాళ్లు భోజనానికి వస్తున్నారు. నేను ఎస్తేరును పక్కకు పిలిచి, "నువ్వు పో. నాయిన మన కేసు వాయిదా వేసిండు. నాలుగింటికంట" అన్నాను.

"ఎవరన్నరు?" అంది.

"నాయినే అన్నడు."

నా మొహంలోకి ఒక నిమిషం చూసి, "మంచిది" అని పాస్టరమ్మ వెంట పోయింది. వాళ్లిల్లు మాకు రెండు వీధుల అవతల.

నాన్న కుర్చీ వేసుకున్నాడు. "రూతు హాజరేనా?" అన్నాడు. పక్కనే స్తంభానికి ఆనుకుని ఉన్నాను, "హాజరే" అన్నాను. లేచి గుమ్మంలోకి పోయి, ఎప్పటిలాగే మెల్లగా, "ఎస్తేరమ్మా" అన్నాడు. పలుకు లేదు. వీధిలోకి రెండడుగులు వేసి రెండో పిలుపు పిలిచాడు. ఎదురింటివాళ్లు తొంగి చూశారు. అప్పుడాయన నడుం నిటారుగా చేసి, ఛాతీ నింపుకుని, కోర్టు గుమ్మంలో పిలిచినట్టే మూడో పిలుపు పిలిచాడు. డవాలి లేదు, కోటు లేదు, లుంగీ మీదున్నాడు. ఆ పిలుపు కోర్టు ప్రహరీ దాటి గట్టు దాకా పోయి ఉంటుంది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని వీధి మలుపు వైపే చూశాను. ఎవరూ రాలేదు.

"పాస్టరమ్మగారింట్లో ఉందేమో, నేను పోయి పిలుచుకు రానా?" అంది అమ్మ, పాపం.

"మూడుసార్లు పిలిచిన. కోర్టు ఇంటింటికి తిరిగి పిలువదు" అన్నాడు నాన్న. కుర్చీలో కూర్చుని చాలాసేపు తువ్వాలు మడతలు పెట్టుకున్నాడు. "ఎస్తేరు గైరుహాజరు. ఎక్స్‌పార్టీ. రూతు పేరు పోతది." అంతే. మధ్యాహ్నం కూర బాగుందని కూడా అనలేదు.

ఆమె రెండింటికి వచ్చింది. నాన్న సంగతి చెప్పాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. నాలుగింటికని రూతే చెప్పిందని ఒక్క ముక్క అంటే నా పని అయిపోయేది. ఆమె "అవ్ చిన్నాయనా" అంది.

అయితే కోర్టు రూలు ఇంకొకటుంది. ఎక్స్‌పార్టీ అయినవాళ్లు, రాలేకపోయిన కారణం చెప్పుకుని, ముప్పై రోజుల్లో పిటిషను పెట్టుకుంటే కేసు మళ్లీ విచారణకు తీసుకోవచ్చు. హాస్టలు తెరవడానికి ఇంకా నెలుంది, పాస్టరుగారికి పేరు ఇవ్వడానికీ టైముంది. నాన్న ముప్పై రోజులు ఆగాడు. ప్రతి ఆదివారం కుర్చీలో కూర్చోగానే "పిటిషన్లేమన్న ఉన్నయా?" అని ఎస్తేరు వైపు చూసేవాడు. ఆమె లేవన్నట్టు తల అడ్డంగా ఊపేది. ఆఖరి ఆదివారం ఆమె వైపు చూడలేదు. నా వైపు చూసి, "ఎవరన్న ఏమన్న చెప్పుకునేదుంటే ఇయ్యాలే ఆఖరు" అన్నాడు. నేను లోపలికి పోయి బిళ్ల తోమాను, అప్పటికే తోమిన బిళ్లను.

అలా ఖమ్మం వచ్చాను. కాలేజీ, ట్రైనింగు, వైరాలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఈ రాతలు. ఇవన్నీ నేను అన్యాయంగా సంపాదించుకున్నవే అని లోపల ఒక ముల్లు ఉండేది. ఉన్నా, ఎస్తేరు మీద జాలి కలగలేదు, అదీ చెప్పాలి. సెలవులకు ఇంటికి పోతే వసారాలో వాళ్లిద్దరూ, మధ్యలో చీటీ. నాన్న ఆమెతో మాట్లాడుతూ నవ్వేవాడు. నేను రాగానే "ఎట్లున్నదే చదువు?" అని అడిగి, నేను చెప్పేది మర్యాదగా వినేవాడు, చుట్టం మాటలు విన్నట్టు. ఎస్తేరు అక్కడే ప్రైవేటుగా ఇంటరు కట్టింది. నాన్న రిటైరైన కొన్నాళ్లకు అదే కోర్టులో అటెండరుగా ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆడమనిషి గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తుంటే జనం మొదట నవ్వారట. ఆ తర్వాత "అచ్చం తండ్రి గొంతే" అనడం మొదలుపెట్టారట. తండ్రి. ఆ మాట అమ్మ నాకు ఉత్తరంలో సంతోషంగా రాసింది. ఆ ఉత్తరం అప్పుడే చించేశాను. నాన్న ఆఖరి రోజుల్లో మంచం పక్కన ఉన్నదీ ఆమెనే. నేను వైరా నుంచి బస్సు దిగేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు కోర్టుల్లో కేసు నంబరు గోడ మీద ఎర్రగా వెలుగుతుందట, ఫోనులో చూసుకోవచ్చట. మంచిదే, ఎవరి నోరూ తిరగక ఎవరి భూమీ పోదు. మా ఇంట్లో కొడుకూ కోడలూ అలిగితే రెండు గదుల్లో రెండు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఎవరినీ ఎవరూ హాజరుకమ్మని పిలవరు. ఏ తగువూ తెగదు, రేపటికి ఎవరికీ గుర్తుండదు. మా రోజుల్లో అన్నీ తెగేవి. తెగినవి ఇన్నేళ్లు గుర్తుండిపోవడం మాత్రం మంచిదో కాదో నాకు తెలియదు.

ఎస్తేరు వెళ్లిపోయే ముందు సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. కోడలు లోపల ఉంది. నాకు ఎందుకో ఇక మోయబుద్ధి కాలేదు.

"అక్కా, ఆ ఆదివారం కేసు వాయిదా పడలే. నేను అబద్ధం చెప్పిన" అన్నాను.

"ఎరికే" అంది, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

"ఎప్పుడెరిక?"

"అప్పుడే. చిన్నాయన పిలుస్తుంటే ఇన్న గద. మూడో పిలుపు సాఫుగ ఇన్న. పాస్టరమ్మ కూడ పో పో అన్నది. చిక్కుడుకాయలు ఒలుసుకుంట కూసున్న."

"మరి రాలేదేం?"

"వస్తే నా పేరే రాస్తుండె. రాస్తే ఖమ్మం పోవాల్నాయె. నాకు చిన్నాయన్ని ఇడిసిపెట్టి పోబుద్ధి కాలే." మళ్లీ తనే, "నాకు మాత్రం ఎవరున్నరే" అంది.

నలభై ఏళ్లకు పైగా ఆమె దగ్గర కాజేశానని నేను కుమిలిన చదువును ఆమె వద్దనుకుని వదిలేసింది. నేను ఎవరికోసం ఆ అబద్ధం ఆడానో ఆ నాన్నను, చిక్కుడుకాయలు ఒలుస్తూ, నోరు విప్పకుండా తీసుకుంది. కోపం రావలసింది. కోపం వస్తే బాగుండేది. నాకు మళ్లీ కుళ్లే వచ్చింది, అది కూడా ఇంకో సంగతికి. ఆ రోజు గుమ్మంలో నాన్న ఛాతీ నింపుకుని పిలిచింది ఆమె పేరు. నేను ఎప్పుడూ పక్కనే ఉండేదాన్ని, హాజరే, కాబట్టి ఆయన నా పేరు అలా పిలవాల్సిన పని ఎన్నడూ పడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా.

"అక్కా," అన్నాను, "నాయిన పిలిచినట్టు నా పేరు పిలుస్తవా?"

ఆమె నవ్వలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మెట్లు దిగి వీధిలోకి పోయింది. అటు తిరిగి నిలబడి, నడుం నిటారుగా చేసుకుంది. ఉద్యోగం వదిలి ఏళ్లయినా గొంతు తగ్గలేదు. "రూతమ్మా" అంది. ఎదురింటి పిల్లలు ఆట ఆపి చూశారు. రెండోసారి పిలిచింది. కోడలు తడిచేతులతో బయటికి ఉరికొచ్చి, "అత్తమ్మా, మిమ్మల్నే, పలకరేం?" అని కంగారుపడింది. నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. మూడో పిలుపు దాకా పలకలేదు.